పదకొండేళ్ల హోమ్ లోన్: నా మార్కులన్నీ ఒక్క ఉత్తరానికే

విజయవాడలో 2014లో ఫ్లాట్ కొన్నప్పుడు 32 లక్షలు తీసుకున్నాను. ఇరవై ఏళ్లు, నెలకు 31,200 వాయిదా. వడ్డీ రేట్లు, ప్రాసెసింగ్ ఫీజుల సంగతి ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. బ్యాంకు పేరు కూడా చెప్పను, ఇంకా వాళ్లకే కడుతున్నాను.

మొదట్లో ఈ లోన్‌ని తెగ పొగిడాను. రెండు వారాల్లో శాంక్షన్ చేశారు, ఆఫీసర్ ఇంటికొచ్చి సంతకాలు పెట్టించుకున్నాడు. నా మాట మీద మా బావమరిది కూడా అక్కడే తీసుకున్నాడు. 2020లో కరోనా వచ్చి మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం, అంటే వాయిదాలు కట్టకుండా ఆపుకునే వీలు, ఇచ్చినప్పుడైతే ఇంతకన్నా మంచి బ్యాంకు లేదన్నాను. నాది పెళ్లిళ్ల ఫొటో స్టూడియో. ఆ ఆరు నెలలూ కెమెరా బ్యాగు జిప్పు తీసింది లేదు. తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే ఆరు వాయిదాలు మానేసినందుకు లోన్ చివర్లో పదహారు దాకా వచ్చి చేరాయి. అప్పటి పొగడ్తలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం శాంక్షన్ త్వరగా చేసినందుకు.

అసలు కథ 2023ది. ఆ ఏడాది ఆషాఢం వెనకే అధిక శ్రావణం వచ్చింది. అంటే జూన్ మూడో వారం నుంచి ఆగస్టు సగం దాకా ముహూర్తాలే లేవు. అదే సమయంలో మా అమ్మకు గుండెకు స్టెంట్ వేశారు. జూన్ వాయిదా తప్పింది, జూలైదీ తప్పింది. ఆగస్టు చివర్లో చేతికొచ్చిన ఇరవై వేలు కట్టి, ఇక ఈ నెల గండం గడిచిందనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను. ఆ డబ్బు అన్నిటికన్నా పాత బాకీలోకి పోతుంది. జూన్ వాయిదాలో పదకొండు వేలు ఇంకా మిగిలే ఉన్నాయి కాబట్టి లెక్క జూన్ నుంచే నడుస్తోంది. గడువు దాటి 90 రోజులైతే ఖాతా ఎన్‌పీఏ, అంటే బ్యాంకు లెక్కలో మొండి బాకీ. సెప్టెంబరు మొదటి వారంలో నాదీ అయిపోయింది.

ఫోన్ల గురించి రాస్తే ఇది సమీక్షలా ఉండదు. రికవరీ వాళ్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. నాకు రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వచ్చేవి. నేను ప్రతి ఫోన్‌కీ ఒకటే చెప్పేవాణ్ని: "సార్, కార్తీకంలో బుకింగులున్నాయి, కొంచెం టైమివ్వండి." అవతల "సరే సార్, నోట్ చేసుకున్నాం" అనేవాళ్లు. ఎక్కడ నోట్ చేసుకున్నారో ఇప్పటికీ తెలీదు.

అక్టోబరు మొదట్లో రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. సర్ఫేసీ చట్టం 2002, సెక్షన్ 13(2) ప్రకారం నోటీసు. తాకట్టు ఉన్న ఇంటిని కోర్టుకెళ్లకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకిచ్చే చట్టమది. తప్పిన వాయిదాలు కాదు, మొత్తం 24 లక్షల చిల్లర అరవై రోజుల్లో కట్టమని. మా ఆవిడ ఆ కాగితం చదివి ఏమీ మాట్లాడకుండా మడిచి టీవీ మీద పెట్టింది. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

మా పై అంతస్తులో బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. పొద్దున్నే కాగితం పట్టుకుని వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఏమయ్యా, ఇల్లు పోయినట్టు ముఖం పెట్టావ్? ఇది మొదటి మెట్టు. దీనికి జవాబు రాయి. రాస్తే వాళ్లు పదిహేను రోజుల్లో కారణాలతో బదులివ్వాల్సిందే. చట్టంలో ఉంది, 13(3ఎ)" అన్నారు. నాలుగు నెలలుగా నన్ను పట్టించుకోనివాళ్లకు జవాబివ్వాల్సిన బాధ్యత ఉందని ఆ రోజే తెలిసింది!

ఇద్దరం కూర్చుని ఒకటిన్నర పేజీ రాశాం. తొమ్మిదేళ్లు ఎలా కట్టానో రెండు వాక్యాలు. అమ్మ ఆసుపత్రి బిల్లులు, కార్తీకంలో ఒప్పుకున్న పెళ్లిళ్ల అడ్వాన్సు రసీదులు జత చేశాను. లోన్ వాయిదాలు, గడువు మళ్లీ సర్దుబాటు చేయమని, లేకపోతే తప్పిన వాయిదాలు కట్టడానికి నవంబరు దాకా గడువివ్వమని అడిగాను. పెద్దాయనే నోటీసులో లెక్క పరిశీలించి, నేను ఆగస్టులో కట్టిన ఇరవై వేలు అందులో లేవని పట్టుకున్నారు. అదీ రాశాం. బ్రాంచిలో ఇస్తే కౌంటర్ దగ్గర అమ్మాయి నా కాపీ మీద సీలు వేయనంది. సరేనని రిజిస్టర్డ్ పోస్టులో అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు పెట్టి పంపాను, ఈమెయిల్ కూడా చేశాను.

పదమూడో రోజు జవాబొచ్చింది. సర్దుబాటు కుదరదన్నారు. ఇరవై వేలు లెక్కలోకి తీసుకున్నారు. చివరి పేరాలో మాత్రం, నవంబరు 20లోగా తప్పిన వాయిదాల బాకీలన్నీ ఒకేసారి తీరిస్తే తదుపరి చర్య ఉండదని రాశారు. వెంటనే కట్టాల్సిన 24 లక్షలు కాస్తా లక్షా ఎనభై వేలకు లోపే అయింది! చీటీ నష్టానికి పాడాను, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం, ఒక పెళ్లివాళ్లు అడ్వాన్సు ముందే ఇచ్చారు. నవంబరు 17న కట్టేశాను. ఎన్‌పీఏ అయిన ఖాతా మామూలు ఖాతా కావాలంటే పాత బాకీ పైసాతో సహా కట్టాలి, ఒకటి రెండు వాయిదాలు కడితే చాలదు. ఇది తెలియక నాలాగే కొంచెం కొంచెం కట్టేవాళ్లు చాలామంది.

ఉత్తరం రాయకుండా కూర్చుంటే? అరవై రోజులయ్యాక 13(4) కింద స్వాధీన నోటీసు తలుపు మీద అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు, ఒకటి తెలుగు పేపరే. 45 రోజుల్లోపు డీఆర్‌టీకి (అప్పుల వసూలు కేసులు చూసే ట్రిబ్యునల్) వెళ్లొచ్చు, కానీ అప్పటికి లాయరు ఫీజు కూడా వాయిదాలా తగులుకుంటుంది. 2016 సవరణ తర్వాత, మొత్తం కట్టి ఇల్లు విడిపించుకోవాలన్నా వేలం ప్రకటన పడేలోపే కట్టాలి.

ఇక్కడ ఒక పదం గురించి చెప్పాలి. డల్లాస్‌లో ఉన్న మా తోడల్లుడితో "ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకున్నాను" అంటే కంగారుపడ్డాడు. మనకేమో అది లోన్ ముందే తీర్చేయడానికి ఇచ్చే లెక్క. వాళ్లకు ఇల్లు బ్యాంకుపాలవడం.

మరి ఈ లోన్ తీసుకోవచ్చా? నా పరిస్థితిలో మళ్లీ తీసుకుంటానేమో. నాది సీజన్ ఆదాయం, రెండు నెలల్లో డబ్బొస్తుందని కాగితాలతో చూపించగలిగాను. ఉద్యోగం పోయి ఏడాది ఖాళీగా ఉన్నవాళ్లకు ఉత్తరం కాస్త ఊపిరి పీల్చుకునే టైమిస్తుందేమో గానీ వాయిదాలు కట్టదు. అలాంటప్పుడు బ్యాంకుకు చెప్పి తామే అమ్ముకోవడం నయం, వేలంలో వచ్చే ధర కన్నా ఎక్కువే వస్తుంది. పైగా నా సిబిల్ స్కోరు, అంటే అప్పులు కట్టిన తీరుకు వేసే మార్కు, ఇంకా పూర్తిగా కోలుకోలేదు. వడ్డీ తక్కువున్న ఇంకో బ్యాంకుకు లోన్ మార్చుకుందామని అడిగితే 2023 చూసి వద్దన్నారు.

2026లో మళ్లీ అధిక మాసం ఉంది, ఈసారి జ్యేష్ఠం. మాకు మంచి సీజనే పోతుంది. రెండు వాయిదాల డబ్బు ఇప్పుడే విడిగా పెట్టాను. మూడోది ఈ కార్తీకం బుకింగులు చూసుకుని.