నిలువుగానా, అడ్డంగానా: ఏడో తరగతి పిల్లలకు ఏది మేలు?

బీజీయ సమాసాల (ఎక్స్, వై లాంటి అక్షరాలతో రాసే లెక్కల) పాఠం మొదలైందంటే హన్మకొండలో మా ట్యూషన్‌కు వచ్చే పిల్లల తల్లిదండ్రులు అడిగేది ఒకటే. "సార్, బళ్లో నిలువుగా రాయిస్తున్నరు, మీరేమో అడ్డంగా చేయిస్తున్నరు. ఏది కరెక్టు?" రెండూ కరెక్టే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఏది మేలంటే మాత్రం, ఇన్నేళ్లు అడ్డువరుసే అన్న నేను ఈ ఏడు మాట మార్చాను.

కూడికలో తేడా ఏమీ లేదు. సజాతి పదాలను, అంటే ఒకే అక్షరం ఒకే ఘాతంతో ఉన్నవాటిని, ఏరి పక్కపక్కన పెట్టినా, ఒకదాని కింద ఒకటి రాసినా పని జరిగిపోతుంది. తంటా అంతా తీసివేతలోనే, బ్రాకెట్ ముందున్న మైనస్‌తోనే.

(8కా − 3నీ + 5) − (2కా − 7నీ + 4)

ఎక్స్, వై బదులు కా, నీ అన్నాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశులకు కాలకం, నీలకం అని రంగుల పేర్లు పెట్టి, మొదటి అక్షరాలే రాసేవాడు.

అడ్డంగా చేసే పిల్లలు బ్రాకెట్ విప్పగానే 2కా గుర్తు మారుస్తారు, మిగతా రెండూ ఉన్నవి ఉన్నట్టే దించేస్తారు. 6కా − 10నీ + 9 అని వస్తుంది. ఎంత చెప్పినా మళ్లీ అదే తప్పు. నిలువుగా రాస్తే రెండో వరుసలో ప్రతి పదం కింద మారిన గుర్తు వేయాలి. ఒకటి మరిచిపోతే ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. జవాబు 6కా + 4నీ + 1.

భాస్కరుడి పద్ధతిలో ఋణ సంఖ్య నెత్తిన చుక్క పెట్టేవారు, గుర్తు అంకెను వదిలి ఎక్కడికీ పోదు. మన పిల్లలకేమో మైనస్ రెండు పదాల మధ్య గోడలా కనిపిస్తుంది, ఏ పదానిదో తెలియదు. నిలువు వరుస ఆ గోడను కూలుస్తుంది.

దానికీ లోపాలున్నాయి. కా² కింద కా పెట్టేసేవాళ్లుంటారు. అలవాటు ముదిరి కూడికలోనూ గుర్తులు మార్చేసేవాళ్లూ ఉంటారు. పైగా 5కా − 2(3కా − 4) లాంటివి నిలువుగా పెట్టడం కుదరదు. అందుకే గుర్తుల తప్పులు ఆగాక అడ్డువరుసకు మారుస్తున్నాను.

వేర్వేరు అక్షరాల పదాలను ఎందుకు కలపకూడదో చెప్పడానికి, మిర్చి బస్తాలు, పత్తి బస్తాలు కలపలేమనే పద్ధతి మొదటి రోజుకు బాగుంటుంది. కానీ 3కా అంటే మూడు బస్తాలని పిల్లలు పట్టుకుంటే కష్టం, కా అనేది ఒక సంఖ్య. కా, నీ గుణించాల్సి వచ్చిన రోజు మిర్చిని పత్తితో ఎలా గుణిస్తాం? ఇక ఫొటో తీస్తే జవాబిచ్చే యాప్‌లు జవాబు చూసుకోవడానికి సరే.

పరీక్షలో ఏ పద్ధతి అడిగితే ఆ పద్ధతిలోనే రాయమనండి. ఇంట్లో సరిచూడడానికి మీకు ఆల్జీబ్రా గుర్తుండక్కర్లేదు. కా 2, నీ 3 అనుకోండి. మొదటి బ్రాకెట్ 12, రెండోది −13, తేడా 25. మీ పిల్లల జవాబులోనూ అవే వేయండి. 6కా + 4నీ + 1 అయితే 25 వస్తుంది. 6కా − 10నీ + 9 అని రాసి ఉంటే −9 వస్తుంది, నోట్‌బుక్ వెనక్కి ఇచ్చేయండి.