కీచుమనే గ్రాఫిక్స్ కార్డ్‌తో మూడేళ్ల కాపురం

ఈ కంప్యూటర్‌ను విడిభాగాలు కొని నేనే బిగించుకున్నాను. మూడేళ్లు దాటింది. స్పీడులో గానీ వేడిలో గానీ వంక పెట్టడానికి లేదు. ఉన్న బాధల్లా ఒక్కటే, కూత. గేమ్ తెరవగానే కేబినెట్‌లో కీచురాయి దూరినట్టు సన్నగా, చెవిని కోసేలా మొదలవుతుంది.

ఫ్యాన్ బేరింగ్ పోయిందనుకున్నాను. దుమ్ము తుడిచాను, స్క్రూలు బిగించాను, రబ్బరు వాషర్లు వేశాను, చివరికి ముందువైపు ఫ్యాన్ మార్చేశాను కూడా. ఏమీ తేడా లేదు. నిజానికి ఆ శబ్దం తన ఆచూకీ రోజూ చెబుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. ఫ్యాన్ మోత వేడిని బట్టి మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇదేమో గేమ్ మెనూలో గట్టిగా అరిచి, ఆట మొదలయ్యాక గరగరమని, గేమ్ మూసిన మరుక్షణం మాయమయ్యేది. ఏ రెక్కలైనా అంత ఠక్కున ఆగుతాయా? హార్డ్ డిస్క్ మీదా ఒకరోజు అనుమానం పోయింది. కానీ నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకు 120. దాని నుంచి మామూలుగా వినపడేది గుంయ్‌మనే బొంగురు మోత.

ఒకసారి తెరమీద ఎఫ్‌పీఎస్ అంకె, అంటే కార్డ్ సెకనుకు ఎన్ని ఫ్రేమ్‌లు (బొమ్మలు) గీస్తోందో చెప్పే అంకె, పెట్టి చూశాను. మెనూలో 900 దాటుతోంది, దాదాపు కదలని బొమ్మ చూపించడానికి! 60కి పరిమితి పెట్టగానే నిశ్శబ్దం. 144కి పెంచితే మళ్లీ సన్నగా అందుకుంది. అనుమానం అక్కడే తీరిపోయింది, ఇది కాయిల్ వైన్, అంటే తీగచుట్టల కూత.

కార్డ్ మీద చిన్న చిన్న నల్లటి డబ్బాల్లా కనిపించేవి చోక్‌లు, అంటే లోపల తీగచుట్టలు. 12 వోల్టులను చిప్‌కు కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకు దించే పనిలో ఇవి ఉంటాయి. అక్కడి స్విచింగ్, అంటే కరెంటును ఆన్ ఆఫ్ చేయడం, సెకనుకు లక్షలసార్లు జరుగుతుంది, 20 కిలోహెర్ట్జ్ దాటితే మన చెవికి అందదు. చిక్కు లోడ్‌తో, అంటే కార్డ్ మీద పడే పనితో వస్తుంది. ఒక్కో ఫ్రేమ్‌కీ కరెంటు ఎగిసి పడుతుంటే ఆ కుదుపుకు తీగచుట్ట వణుకుతుంది, ఆ వణుకు వినపడే స్థాయిలోకి దిగుతుంది. కొన్ని సిరామిక్ కెపాసిటర్లు కూడా ఇలాగే కూస్తాయి.

అయినా కూత కార్డ్‌దా, పవర్ సప్లైదా? లోడ్ పడితే రెండింటి మీదా పడుతుంది కదా. ప్రాసెసర్‌కు మాత్రమే పని చెప్పే టెస్ట్ నడిపాను, కూత లేదు. పేపర్ రోల్ మధ్యలో ఉండే అట్ట గొట్టాన్ని చెవికి పెట్టుకుని, తిరిగే ఫ్యాన్లకు తగలకుండా ఒక్కో భాగం వైపు తిప్పాను. కార్డ్ దగ్గరే గట్టిగా వచ్చింది. నమ్మకం కుదరక స్నేహితుడి పవర్ సప్లై తెచ్చి పెట్టి చూస్తే గొంతు కాస్త మారింది, కూత మాత్రం అదే. పవర్ సప్లై మీద ఎంత అనుమానం ఉన్నా దాని డబ్బా విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ మిగిలి ఉంటుంది.

వారంటీ వాళ్లకు రాస్తే "ఇది లోపం కిందకు రాదు" అన్నారు. కోపం వచ్చింది గానీ, దీనివల్ల కార్డ్ పాడవదన్నది నిజమే. ఈ మూడేళ్లలో ఒక్కసారీ మొరాయించలేదు. అలాగని "వాడగా వాడగా తగ్గిపోతుంది" అన్న మాట కూడా నా విషయంలో ఉత్తదే అయింది.

ఇప్పుడు ప్రతి గేమ్‌కూ 100 ఎఫ్‌పీఎస్ పరిమితి పెట్టాను. పవర్ లిమిట్ 80 శాతానికి దించి, కొంచెం అండర్‌వోల్ట్ చేశాను, అంటే చిప్‌కు అందే వోల్టేజ్ తగ్గించాను. కొన్ని ఫ్రేమ్‌లు పోయాయి, ఆడేటప్పుడు ఆ తేడా నాకు తెలియలేదు. కూత సగానికి పైగా తగ్గింది, ఫ్యాన్లూ నెమ్మదించాయి. చోక్‌ల మీద జిగురు పోయమన్నవాళ్లూ ఉన్నారు. ఆ సాహసం చేయలేదు, చేయను.

మిగిలిన ఆ కాస్త కూత మా నాన్నకు అసలు వినపడదు. వయసుతో పాటు సన్నని శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది మరి. మా చెల్లి మాత్రం పక్క గదిలోంచే "మళ్లీ ఆన్ చేశావా" అంటుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాళ్లయితే ఇలాంటి కార్డ్‌తో నిశ్చింతగా కాలం గడపొచ్చు. స్పీకర్లతో ఆడుతూ కేబినెట్‌ను బల్లమీదే పెట్టుకునేవాళ్లు మాత్రం, వాపసు గడువు ముగిసేలోపే ఒక రాత్రి గది సద్దుమణిగాక, ఎఫ్‌పీఎస్ పరిమితి తీసేసి ఏదో ఒక గేమ్ మెనూలో పది నిమిషాలు వదిలి వినండి. నేను ఆ పని చేసుంటే ఆ కార్డ్ మొదటివారమే వెనక్కి వెళ్లేది.