సప్లిమెంటా, సొంత అవార్డా? పల్లె వెటరన్ల పరిశోధనకి ఏది మేలు?

అమెరికా పల్లెల్లో ఉండే మాజీ సైనికుల మీద పరిశోధన చేసేవాళ్లలో అన్ని రకాల నేపథ్యాలవాళ్లూ ఉండాలంటే ఏ దారి మేలని ఇక్కడ రెసిడెన్సీలో, ప్రజారోగ్య మాస్టర్స్ అయిన ఎంపీహెచ్‌లో ఉన్న మనవాళ్లు తెగ అడుగుతున్నారు. మెంటార్ (పని నేర్పే సీనియర్ పరిశోధకుడు) గ్రాంటుకి తోకలా తగిలించే డైవర్సిటీ సప్లిమెంటా (పరిశోధనలో తక్కువగా కనిపించే వర్గాలవాళ్లని ఆ ప్రాజెక్టులోకి తీసుకోవడానికిచ్చే అదనపు డబ్బు), సొంతంగా రాసి తెచ్చుకునే కెరీర్ డెవలప్‌మెంట్ అవార్డా? వీఏ అంటే మాజీ సైనికుల వైద్యం, సంక్షేమం చూసే అమెరికా ప్రభుత్వ శాఖ, గ్రాంటు అంటే పరిశోధనకి ఇచ్చే డబ్బు.

సప్లిమెంటుతో సుఖం ఏంటంటే అన్నీ సిద్ధంగా ఉంటాయి. ప్రాజెక్టు నడుస్తూ ఉంటుంది, అనుమతులు వచ్చేసి ఉంటాయి, వెళ్లి పని నేర్చుకోవడమే. పరిశోధన అంటే ఏంటో ఇంట్లో ఎవరికీ తెలియని పిల్లలకి ఇది చిన్న విషయం కాదు. (ఇలాంటి పథకాల్లో మన ఆసియా వాళ్లు మామూలుగా లెక్కలోకి రారు, ఆ ఆశ పెట్టుకోకండి.)

అయితే నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఒక్కటే: పరిశోధించే ప్రశ్న ఎవరిది? సప్లిమెంటులో ప్రశ్న మెంటార్‌ది, మీరు చేసేది దానికి జవాబు వెతకడం. టస్కిగీ అనే ఊరినే చూడండి. 1932 నుంచి 1972 దాకా అలబామా పల్లెల్లో సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి వైద్యం అందకుండా చేసి ఏమవుతుందో చూస్తూ కూర్చున్న ఆ అధ్యయనంలో యూనిస్ రివర్స్ అనే నల్లజాతి నర్సు మొదటినుంచీ ఉన్నారు. ప్రశ్న మాత్రం అమెరికా ప్రభుత్వ పబ్లిక్ హెల్త్ సర్వీసుది. అదే ఊళ్లో 1923లో నల్లజాతి మాజీ సైనికులకని ఆసుపత్రి కట్టి, నడిపేది తెల్లవాళ్లే అన్నారు. నల్లజాతి డాక్టర్లు ఒప్పుకోలేదు, తెల్లజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ ఊరేగింపు తీసి బెదిరించినా తగ్గలేదు, 1924కల్లా పెత్తనం నల్లజాతి డాక్టర్ జోసెఫ్ వార్డ్ చేతికి వచ్చింది. మనుషులు ఉండటం వేరు, పెత్తనం ఉండటం వేరు.

ఇప్పటి సంగతే తీసుకుందాం. వీడియోలో డాక్టర్ని చూడటానికి వీఏ పల్లెలకి టాబ్లెట్ కంప్యూటర్లు పంపింది. సిటీలో పెరిగినవాళ్లు అడిగేది అపాయింట్‌మెంట్లు పెరిగాయా అని. కొండల మధ్య పెరిగినవాళ్లకి ముందు తట్టేది సిగ్నల్ రాని ఇంట్లో ఆ టాబ్లెట్ ఏం చేసుకోవాలని. మోంటానాలో యురీకా అనే చిన్న ఊళ్లో మాజీ సైనికుల సంఘం హాల్లోనే ఒక గది సర్దిపెట్టి, అక్కడినుంచి డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు చేశారు. అలాంటి ఆలోచన అక్కడి బతుకు తెలిసినవాళ్లకే తొందరగా వస్తుంది.

అందుకే నా ఓటు సొంత అవార్డుకే. అది డైవర్సిటీ పథకం కాదు కదా అంటారు, నిజమే. కానీ నవాహో ఆదివాసుల ప్రాంతమైన నవాహో నేషన్‌లో పెరిగిన డాక్టరుకి వారంలో ముప్పావు వంతు సమయం పరిశోధనకే రాసిచ్చి కొన్నేళ్లు వదిలేస్తే వచ్చే ప్రశ్నలే వేరు. క్లినిక్ ఒత్తిడిలో ఆ సమయం ఇంకెలాగూ దొరకదు. కష్టం మెంటార్ దగ్గరే వస్తుంది, పేరున్న మెంటార్లు ఎక్కువగా యూనివర్సిటీలకి అతుక్కున్న పెద్ద వీఏ ఆసుపత్రుల్లో ఉంటారు. అయోవా సిటీ, వైట్ రివర్ జంక్షన్‌లలో ఉన్న వీఏ గ్రామీణ ఆరోగ్య వనరుల కేంద్రాలవాళ్లని అడిగితే దూరంనుంచి మెంటారింగ్ చేసేవాళ్లు దొరకొచ్చు.

ఇంకోటి. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ఫెడరల్ ప్రభుత్వంలో డైవర్సిటీ కార్యక్రమాలు ఎత్తేయమంది. పేరులోనే డైవర్సిటీ ఉన్నది ఒక్క సంతకంతో పోతుంది. వీఏ గ్రామీణ ఆరోగ్య విభాగం 2006 నాటి చట్టంతో వచ్చింది, దాన్ని తీసేయడం అంత తేలిక కాదు.

వేసవి ఇంటర్న్‌షిప్పులు రుచి చూపించడానికి బాగుంటాయి, అంతే. జే-1 వెయివర్ (జే-1 వీసా మీద శిక్షణ పొందిన డాక్టర్లకి స్వదేశం వెళ్లాలనే షరతు నుంచి మినహాయింపు) మీద పల్లెకి వెళ్లే దారి మనవాళ్లకి బాగా తెలిసిందే. అది మూడేళ్ల వైద్యం కోసం, పరిశోధన కోసం కాదు. మూడేళ్లయ్యాక డల్లాస్‌లో ఇల్లు చూసుకునేవాళ్లే ఎక్కువ, తప్పనడం లేదు.

చేతిలో ఇప్పటికే సప్లిమెంట్ ఉంటే వదులుకోకండి. ఆ డేటాతోనే మీ సొంత ప్రశ్నకి ఒక చిన్న పైలట్ (ముందస్తు అధ్యయనం) చేసుకోండి, అవార్డు దరఖాస్తులో రివ్యూయర్లు ముందు అడిగేది అదే.