పెద్దవారి నడకను ఇంటికి వచ్చి పరీక్షించే సేవ: అమలాపురం దగ్గర మా అనుభవం

మా అమ్మకు 76 ఏళ్లు. అమలాపురానికి దగ్గరలోని పల్లెలో, పాత మండువా ఇంట్లో ఉంటుంది. కిందటి శ్రావణంలో నూతి చప్టా మీది పాకుడుకు కాలు జారి పడింది. ఎముక విరగలేదు గాని, ఆనాటి నుంచి గోడ పట్టుకోనిదే అడుగు వేయడం మానేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ఒకసారి పడినవారికి మళ్లీ పడే ముప్పు ఎక్కువ. అందుకే పట్టణంలోని ఒక ఫిజియోథెరపీ కేంద్రం వారిని 900 రూపాయల రుసుముతో ఇంటికి పిలిపించాము.

వచ్చినావిడ గంటన్నర ఉన్నారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోమన్నారు. దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడితే ముప్పు ఉన్నట్టు లెక్క. అమ్మకు 19 పట్టింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మళ్లీ రెండుసార్లు రక్తపోటు చూస్తే పై అంకె 148 నుంచి 122కు దిగింది. నిలబడిన మూడు నిమిషాల లోపల 20 తగ్గినా జాగ్రత్త పడాలట. తెల్లవారుజామున మంచం దిగగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయని అమ్మ ఎన్నోసార్లు చెప్పినా, నీరసమేనని మేము తోసిపుచ్చాము. ఆ తప్పు మాది. మందుల డబ్బా మంచం మీద గుమ్మరించి, అందులోంచి నిద్రమాత్రను విడిగా తీసి పెట్టి, దాని గురించీ బీపీ మాత్ర గురించీ డాక్టరుగారిని అడగమనీ, సొంతంగా మాత్రం మానవద్దనీ చెప్పారు.

నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి మనసును గురించి వేసిన ప్రశ్నలు. “మామ్మగారూ, పడిపోతానేమోనని ఏయే పనులు మానేశారు?” అని అడిగితే, అమ్మ పైట చెంగు మడతలు సరిచేసుకుంటూ కాసేపు ఊరుకుని, గుడికీ పక్కింటి అరుగు మీదికీ వెళ్లడం, చివరకు తులసికోటలో నీళ్లు పోయడం కూడా మానేశానంది. ఇంట్లో ఉంటూ మేము గమనించనే లేదు. భయంతో కదలిక తగ్గితే తొడ కండరాలు బలహీనపడతాయనీ, ఆ బలహీనతే మళ్లీ పడేలా చేస్తుందనీ, దిగులూ మతిమరుపూ కూడా ఈ ముప్పును పెంచుతాయనీ ఆవిడ ఓపికగా వివరించారు. మాట్లాడిస్తూ నడిపిస్తే, జవాబు చెప్పడానికి అమ్మ ప్రతిసారీ ఆగిపోయింది, అదీ రాసుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. పదిహేనేళ్లుగా మధుమేహం ఉన్న మనిషికి పాదాల్లో స్పర్శ ఎలా ఉందో చూడలేదు, కంటి చూపు ఊసే ఎత్తలేదు. నివేదిక అంతా ఇంగ్లీషులో ఉంది. చదువుకోవలసిన అమ్మకు అది ఎందుకూ పనికిరాలేదు. రెండు వారాల్లో మళ్లీ వస్తామన్నవారు నాలుగుసార్లు ఫోను చేశాక నెలకు వచ్చారు. అయినా ఆ 900 రూపాయలు సార్థకమేనని నా అభిప్రాయం. పిలిపించుకునేవారు పాదాలూ చూపూ కూడా పరీక్షించమని ముందే గట్టిగా అడగాలి.

డాక్టరుగారు నిద్రమాత్రను క్రమంగా తగ్గించారు. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చునే వ్యాయామం రోజూ చేయిస్తున్నాము. రెండు నెలలకు ఆ నడక 14 సెకన్లకు వచ్చింది. తులసికోట దగ్గరికి ఇప్పుడు అమ్మ చేతికర్రతో తానే వెళుతోంది; నూతి చప్టాను బ్లీచింగ్ పౌడరుతో వారం వారం రుద్దిస్తున్నా, అక్కడికి మాత్రం ఇంకా ఒంటరిగా పంపడం లేదు.