కంచు చెట్టు, తెల్లని పగుళ్లు: హనుమకొండ ఫ్రేముల దుకాణం పనితనం

ప్రకృతి దృశ్యాన్ని ఇటలీ సమకాలీన కళాకారులు ఎలా ప్రతీకగా మలుస్తున్నారో విద్యార్థులకు చూపడానికి రెండు ఛాయాచిత్రాలను పెద్దవిగా అచ్చువేసి ఫ్రేము కట్టే పనిని హనుమకొండ చౌరస్తా దగ్గరి ఒక చిన్న దుకాణానికి అప్పగించాను.

మొదటిది జర్మనీలోని కాసెల్ ఉద్యానవనంలో జుసెప్పె పెనోనే నిలిపిన కంచు చెట్టు. దాని కొమ్మల నడుమ ఒక బండరాయి నిలిచి ఉంటుంది. పద్మాక్షి గుట్ట రాళ్లను చూస్తూ పెరిగిన మా పిల్లలకు ఆ బరువును వేరుగా వివరించనక్కరలేకపోయింది. బెరడు గీతలు సహా ఈ అచ్చు చక్కగా వచ్చింది.

రెండోదానితోనే చిక్కు వచ్చింది. 1968 భూకంపంలో నేలమట్టమైన సిసిలీ పట్టణం గిబెల్లినా శిథిలాలను అల్బెర్తో బుర్రి తెల్లని సిమెంటుతో కప్పి, పాత వీధుల ఆనవాళ్లను మనుషులు నడవగలిగే పగుళ్లుగా మిగిల్చారు. 1989లో ఆగిన ఆ పని ఆయన మరణానంతరం, 2015లో పూర్తయింది. ఆ పగుళ్లలోని నీడలే కృతికి ప్రాణం. తొలి అచ్చులో తెలుపు మరీ మెరిసి, నీడలన్నీ మాయమయ్యాయి. విషయం చెప్పగానే దుకాణదారు నాతోపాటు కూర్చుని కంప్యూటర్ తెరపై చిత్రం వెలుతురు తగ్గించి, మెరుపులేని కాగితంపై అదనపు రుసుము లేకుండా మళ్లీ అచ్చువేశారు. ఈసారి ఒక్కో సందు లోతు కంటికి ఆనింది.

టేకు ఫ్రేముల మూలలు సందు లేకుండా కుదిరాయి. చెప్పిన గడువుకు మూడు రోజులు ఆలస్యమైనా, ఈ శ్రద్ధ కోసం మళ్లీ అక్కడికే వెళ్తాను. మీరు వెళ్తే ముందుగా చిన్న నమూనా అచ్చు అడగండి.