సియాటిల్ బ్యాలే కంపెనీ: చాలా సీజన్లు చూశాక

పసిఫిక్ నార్త్‌వెస్ట్ బ్యాలే అనగానే సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో చాలామందికి డిసెంబరులో వేసే ‘నట్‌క్రాకర్’ ఒక్కటే గుర్తొస్తుంది. పిల్లల్ని ఓసారి తీసుకెళ్ళి, ఫొటోలు దిగి, ఆ ఏటికి అయిందనుకుంటారు. ఈ కంపెనీ విలువ ఆ ఒక్క రాత్రిలో తెలియదు. ఒకే నాట్యం రెండు రాత్రుల్లో ఇద్దరు వేర్వేరు నర్తకులు చేయగా చూస్తే తెలుస్తుంది. గుంపులో వెనక వరసలో నిలబడ్డ అమ్మాయి కొన్నేళ్ళకు ముందుకొచ్చి నాయిక వేషం కడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్ళోనే ఉండి సాధన చేసే కంపెనీ దగ్గరే ఇది దొరుకుతుంది. సెట్లు లారీకెక్కించుకుని రెండు రాత్రులకు వచ్చిపోయే బృందం ఎంత గొప్పదైనా ఇది ఇవ్వలేదు.

కంపెనీ 1972లో సియాటిల్ ఒపెరా నీడన మొదలైంది. 1977 నుంచి 2005 దాకా కెంట్ స్టోవెల్, ఫ్రాన్సియా రసెల్ దంపతులు నడిపారు. ఆ తరవాత పీటర్ బోల్ వచ్చారు. ముగ్గురూ న్యూయార్క్ సిటీ బ్యాలేలో నాట్యం చేసినవాళ్ళే. ఆ కంపెనీని స్థాపించిన నాట్యకర్త జార్జ్ బాలన్‌చీన్ బాణీ ఇక్కడ ఇంతగా కనిపించడానికి కారణం అదే: పాదాల్లో వేగం, తాళాన్ని వదలని అడుగు, కథ లేకపోయినా సంగీతమే కథలా నడవడం.

ముందుగా సీటు సంగతి. కంపెనీ ప్రదర్శనలిచ్చే మెక్‌కా హాల్ దాదాపు 2,900 మంది పట్టే పెద్ద హాలు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ముందు వరసలకు ఎక్కువ డబ్బు పోస్తారు. ముఖాలు దగ్గరగా కనిపిస్తాయి నిజమే, కానీ వేదిక నేల కనిపించదు. హంసల వరసలు, మంచు రేకుల వేషాల గుంపు విడిపోయి కలిసే ముగ్గులు పైనుంచే అర్థమవుతాయి. రెండో టియర్ (పై బాల్కనీ) మధ్యలో, ముందు వరసల్లో కూర్చుని చిన్న బైనాక్యులర్ పెట్టుకుంటే తక్కువ ఖర్చులో రెండూ దక్కుతాయి. బాగా పక్కకున్న సీట్లు చవకే గానీ వేదికలో ఓ మూల తెగిపోతుంది. ‘జిసెల్’ లాంటి అభినయం ఎక్కువున్న కథకు మాత్రం కిందే కూర్చోండి.

రెండో మాట, ఎవరు ఏ రాత్రి చేస్తున్నారో చూసి వెళ్ళడం. ‘నట్‌క్రాకర్’ కాక మిగతా ప్రదర్శనలు చాలావరకు రెండు వారాంతాలతో అయిపోతాయి. నర్తకుల జాబితా ముందే వెబ్‌సైటులో పెడతారు, గాయాల వల్ల చివరి నిమిషంలో మారుతుంది కూడా. ‘స్వాన్ లేక్’ మూడో అంకంలో 32 ఫ్వెటేలు వస్తాయి. ఒంటికాలి మీద తిరిగే చుట్లు అవి. చుట్లు లెక్కపెట్టకండి, నిలబడ్డ పాదాన్ని చూడండి. మడమ దిగిన ప్రతిసారీ అదే చోట దిగితే గట్టి సాధన ఉన్నట్టు. పైకెత్తిన కాలు పక్కకు తెరుచుకోవడం ఆలస్యమైతే బరువు ముందుకు తూలి, నర్తకి చుట్టుచుట్టుకూ వేదిక అంచువైపు జరిగిపోతుంది. ఇద్దరు నర్తకుల్ని చూశాక ఈ తేడా కన్ను దానంతటదే పట్టేస్తుంది.

ఇక ‘జిసెల్’. కూచిపూడి, భరతనాట్యం నేర్చినవాళ్ళు ఒక్కటే చూడగలమంటే నేను చెప్పేది ఇదే. 1841లో పారిస్‌లో పుట్టిన ఈ బ్యాలేని 2011లో ఇక్కడ మళ్ళీ కట్టినప్పుడు అడుగుల్ని కాగితం మీద రాసిపెట్టే పాత స్టెపనోవ్ లిపి పత్రాలూ, ఫ్రెంచి ప్రతులూ తిరగేసి, చాలాచోట్ల వదిలేసిన మూకాభినయాన్ని తిరిగి చేర్చారు. తలపైన రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే ‘నాట్యం’. ఉంగరపు వేలు చూపిస్తే ‘పెళ్ళి’. పిడికిళ్ళు బిగించి మణికట్లు అడ్డంగా కలిపి కిందికి దించితే ‘చావు’. తల్లి బెర్తా కూతురు జిసెల్‌ని హెచ్చరించే ఘట్టంలో ఈ మూడూ వరసగా వస్తాయి. హస్తాలు తెలిసిన మనకు ఆ వాక్యం చదవడం తేలిక. పక్కన కూర్చున్న అమెరికన్ ప్రేక్షకుడి కంటే మనమే ముందు పట్టుకుంటాం.

సంగీతం రికార్డు కాదు. కంపెనీకి సొంత ఆర్కెస్ట్రా ఉంది, 1989లో ఏర్పడింది. నర్తకి సమతూకం నిలబెట్టుకున్న రాత్రి ఆర్కెస్ట్రాను నడిపే కండక్టర్ ఓ క్షణం ఆగగలడు, జారుతున్న రాత్రి లయ కాస్త ముందుకు లాగగలడు. మన నట్టువాంగం చేసే పని ఇదే. చాలా ఊళ్ళ కంపెనీలు ఖర్చుకు భయపడి ముందుగా వదులుకునేదీ ఇదే.

‘నట్‌క్రాకర్’ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చదు. 1983 నుంచి 2014 దాకా స్టోవెల్ కట్టినది, పిల్లల పుస్తకాల చిత్రకారుడు మారిస్ సెండాక్ సెట్లు, దుస్తులు గీసినది ఆడేది. దానిలో ఈ బ్యాలేకి మూలమైన హాఫ్మన్ కథలోని భయం ఉండేది. 2015 నుంచి బాలన్‌చీన్ రూపం, ఇయన్ ఫాల్కనర్ గీసిన సెట్లు, దుస్తులు. నాట్యం ఎక్కువైంది, పిల్లలకు పని పెరిగింది, ఆ చీకటి మాత్రం పోయింది. నాకు ఇప్పటికీ అదే వెలితి. చైనా టీ నాట్యంలో ఆసియా వాళ్ళను వెక్కిరించినట్టుండే పాత వేషాన్ని 2021లో తీసేసి ఆకుపచ్చ కీచురాయిని పెట్టడం మాత్రం మనసారా మెచ్చుకోవలసిన మార్పు. అడుగులు అవే, అవమానం పోయింది.

‘నట్‌క్రాకర్’ టికెట్లకు శని ఆదివారాల మధ్యాహ్నాలు బాగా ఖరీదు. డిసెంబరు మొదట్లో వారం మధ్య రోజులు చూసుకోండి. మొత్తం విరామంతో కలిపి సుమారు రెండు గంటలు. అంతసేపు కూర్చోలేని చిన్నపిల్లలకు వసంతంలో వచ్చే ఫ్యామిలీ మాటినీ నయం. బ్యాలే స్కూలు విద్యార్థులే చేస్తారు, కథ చెప్పేవాళ్ళు ఉంటారు, గంటలోపు అయిపోతుంది. 13 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు టీన్‌టిక్స్ కార్డు ఉచితం. ఆ కార్డు చూపిస్తే ప్రదర్శన రోజున మిగిలిన సీట్లు 5 డాలర్లకు ఇస్తారు. ఇంత మేలు ఇంట్లో టీనేజీ పిల్లలున్న మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

ఊరికి చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది 1994లో మొదలైన డాన్స్‌ఛాన్స్. సియాటిల్ ప్రభుత్వ బడులకు ఉపాధ్యాయులు వెళ్ళి మూడో తరగతి పిల్లల ఒంటి వంపు, తాళజ్ఞానం చూస్తారు. ఎంపికైనవాళ్ళకు తరగతులు, బట్టలు, చెప్పులు, వచ్చిపోయే బండి అన్నీ ఉచితం. బ్యాలే నేర్పించాలని తోచని ఇళ్ళలోంచీ, స్తోమత లేని ఇళ్ళలోంచీ పిల్లలు వస్తారు.

కంపెనీ స్కూలు సియాటిల్‌తో పాటు బెల్‌వ్యూలోనూ ఉండటంతో మన పిల్లలు కూచిపూడీ బ్యాలే రెండూ నేర్చుకుంటున్నారు. రెండూ చేసేవాళ్ళు ఒక్క సంగతి చూసుకోవాలి. మన అరమండి, బ్యాలేలో మోకాళ్ళు వంచే ప్లియే చూడటానికి ఒకలాగే ఉంటాయి. అరమండిలో కూర్చుని నేలను కొడతాం. ప్లియే మాత్రం పైకి లేవడానికి కూడగట్టుకునే బలం. రెండింటిలోనూ పాదాలు తుంటి దగ్గర్నుంచి విప్పారాలి. మోకాలి దగ్గర మెలితిప్పి పాదాన్ని మాత్రం పక్కకు తోస్తే మొదట నొప్పెట్టేది మోకాలి లోపలి వైపు. అలా కనిపిస్తే పాదాల కోణం తగ్గించమనండి. వేళ్ళ కొసల మీద నిలబడటానికి వాడే పాయింట్ చెప్పుల కోసం పిల్లలు తొందరపెడతారు. చీలమండ, పాదం గట్టిపడకుండా, సాధారణంగా 11, 12 ఏళ్ళకు ముందు, ఇవ్వకపోవడమే మంచిది.

చిక్కులూ ఉన్నాయి. మూడు చిన్న నాట్యాలు కలిపి వేసే రాత్రుల్లో కథ ఉండదు. మన దగ్గర బ్యాలే అంటే నృత్యనాటకం అనే అర్థం అలవాటు కాబట్టి, ఆ ఆశతో వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. అలాంటి రాత్రికి ముందు హాల్లోనే జరిగే పరిచయ ప్రసంగం వినండి. ‘నట్‌క్రాకర్’ కానివాటికి ప్రదర్శన అయ్యాక నర్తకులతో ప్రశ్నోత్తరాలు కూడా ఉంటాయి, అవీ టికెట్‌లోనే. ఆలస్యమైతే విరామం దాకా లోపలికి పంపకపోవచ్చు. పక్కనే ఉన్న క్లైమేట్ ప్లెడ్జ్ అరీనాలో హాకీ ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే మెర్సర్ వీధి గరాజ్ త్వరగా నిండుతుంది. అలాంటి రోజున కారు డౌన్‌టౌన్‌లో వదిలి వెస్ట్‌లేక్ నుంచి మోనోరైలు ఎక్కండి, కొద్ది నిమిషాల్లో సియాటిల్ సెంటర్‌లో దింపుతుంది.