నెలకో సైన్స్ కిట్ అంటూ ఏడాది చందా కట్టించుకుంటున్నారు, జాగ్రత్త

మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలున్న అమ్మానాన్నల కోసం ఈ పోస్టు. "చేత్తో చేస్తూ నేర్చుకోండి, నెలకో పెట్టె ఇంటికే వస్తుంది" అనే ప్రకటనలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. నాలుగో తరగతి చదువుతున్న మా పాప కోసం అలాంటి ఒక కంపెనీకి ఏడాది చందా కట్టాం. ఆరు వేల పైమాటే. డబ్బు సంగతి తర్వాత చెప్తాను. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలున్నవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది వేరే ఉంది.

ఒక పెట్టెలో లైటు వెలిగే గ్రీటింగ్ కార్డు సామాను వచ్చింది. రూపాయి బిళ్లంత బటన్ బ్యాటరీలు గోటితో గీరితే చిరిగిపోయే పల్చటి కవర్లో విడిగా పడున్నాయి. కార్డులో వాటిని ఉంచడానికి మూత గానీ స్క్రూ గానీ లేదు, టేపు వేసి అంటించమని కాగితంలో రాశారు. మా చిన్నాడికి రెండేళ్లు. ఏది దొరికినా నోట్లోకే. ఈ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అరటిపండు పెడితే కిందికి పోతుందిలే అని పెద్దవాళ్లు ఎవరైనా అన్నా వినకండి. మింగారని అనుమానం వస్తే చాలు, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పరిగెత్తాలి. అదే పెట్టెలో మినప గుళ్లంత బలమైన అయస్కాంతాలు కూడా ఉన్నాయి. అవి రెండు మింగితే, పేగు మడతలకు అటొకటి ఇటొకటి చేరి, ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగుకు చిల్లు పెడతాయి. ఆపరేషన్ దాకా పోయే వ్యవహారం ఇది. ఇంత ప్రమాదమున్న సామాను మీద ఒక్క హెచ్చరిక లేదు. నక్షత్రం బొమ్మలో "8+" అని మాత్రం అచ్చేశారు.

మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బ్యాటరీ లేని బొమ్మలకు ఐఎస్ 9873 అనే ప్రమాణం, బ్యాటరీతోనో కరెంటుతోనో నడిచేవాటికి ఐఎస్ 15644. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, ఇంకా చెల్లుతోందో లేదో తెలిసిపోతుంది. మా పెట్టె మీద ఆ గుర్తు ఎక్కడా లేదు. తయారుచేసినవాళ్ల అడ్రసూ లేదు, లోగో, ఒక వాట్సాప్ నంబరు తప్ప. అడిగితే "మాది బొమ్మ కాదు మేడమ్, ఎడ్యుకేషనల్ మెటీరియల్" అన్నారు. పిల్లలు ఆడుకోవడానికే చేసి, ఆటలంటూ ప్రకటన ఇచ్చి, గుర్తు అడిగేసరికి బొమ్మ కాదంటే ఎలా కుదురుతుంది? ఎన్ఈపీ 2020 (జాతీయ విద్యా విధానం) ప్రకారం తయారైందని కూడా పెట్టె మీద వేసుకున్నారు. ఆ విధానంలో 3 నుంచి 5 తరగతుల దాకా ఆటపాటలతో, స్వయంగా చేసి చూస్తూ నేర్పాలని ఉన్న మాట నిజమే. అంతమాత్రాన అది ఏ ప్రైవేటు కిట్‌కూ ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

ఇక నేర్చుకోవడం సంగతి. సిరంజీలతో నడిచే జేసీబీ బొమ్మ వచ్చిన రోజు పాప స్కూలు డ్రెస్ కూడా మార్చుకోకుండా కూర్చుంది. చెక్క ముక్కల గాడులు ఒకదాంట్లో ఒకటి పట్టలేదు. గట్టిగా నొక్కితే ఒక ముక్క అంచు విరిగింది. చివరికి మావారు ఆకురాయి పట్టి బిగించారు, పాప పక్కన కూర్చుని చూసింది. ట్యూబు సిరంజీ మూతికి వదులుగా ఉండి నీళ్లన్నీ కారిపోయాయి. ఇన్ని లోపాలున్నా, ఇచ్చిన పుస్తకంలో పాఠం సరిగా ఉండుంటే నేను సరిపెట్టుకునేదాన్ని. అందులో "ఎ ముక్కను బి ముక్కకు అంటించండి" అనడమే తప్ప ఇంకేమీ లేదు.

నిజానికి ఆ రెండు సిరంజీల్లోనే ఎంతో పాఠం ఉంది. ముందు ట్యూబులో గాలి ఉంచి నొక్కమనాలి. గాలి నలిగిపోతుంది కాబట్టి రెండో సిరంజీ బద్ధకంగా కదులుతుంది. తర్వాత నీళ్లు నింపి నొక్కమంటే వెంటనే కదులుతుంది. ఎందుకని పిల్లే అడుగుతుంది. ఒక వైపు సన్నది, ఇంకో వైపు లావుది పెడితే, సన్నదాన్ని బాగా దూరం తోసినా లావుది కొంచెమే జరుగుతుంది, కానీ ఎక్కువ బరువు ఎత్తుతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు ఇది చెప్పి ఒప్పించాల్సిన పని లేదు, వేలికే తెలుస్తుంది. ఆ అవకాశాన్ని పోగొట్టి, అంటించే పని అంటగట్టినందుకే నాకు ఎక్కువ కోపం.

సిరంజీలు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి, సూది లేకుండా అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో చిన్న మోటార్లు, ఎల్‌ఈడీలు, వైర్లు విడిగా దొరుకుతాయి. బటన్ సెల్ బదులు రెండు పెన్సిల్ సెల్స్, వాటికి స్క్రూ మూత ఉన్న డబ్బా తీసుకోండి. ఏం చేయాలో తోచకపోతే, పనికిరాని వస్తువులతో బొమ్మలు చేయించి సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్ చూడండి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు, పాత పేపర్లతో చేసే బొమ్మలు బోలెడు, అన్నీ ఉచితం, తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

డబ్బు వెనక్కి అడిగితే పెట్టె తెరిచారు కాబట్టి వాపసు లేదన్నారు. తెరవకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? మిగతా నెలల డబ్బైనా ఇవ్వమంటే ఏడాది ప్లాన్ మధ్యలో ఆగదట. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. మీకూ ఇలాంటిదే వచ్చి ఉంటే పెట్టెను పారేయకండి. నాలుగు వైపులా ఫోటోలు, ఆర్డర్ మెసేజ్, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఫిర్యాదుకు అవే ఆధారం.

ఇంకో ముఖ్యమైన విషయం. చందా కట్టేటప్పుడు యూపీఐ ఆటోపేకి ఒప్పుకున్నవాళ్లు, చందా ఆపమని కంపెనీకి మెసేజ్ పెట్టాం కదా అని ఊరుకోకండి. వచ్చే ఏడాది చందా దానంతటదే కట్ అవుతుంది. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే సెక్షన్‌కు వెళ్లి ఆ మ్యాండేట్‌ను, అంటే డబ్బు కట్ చేసుకోవడానికి మీరిచ్చిన అనుమతిని, మీరే రద్దు చేయండి. డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది ఆర్‌బీఐ నిబంధన, దాన్ని ప్రమోషన్ మెసేజ్ అనుకుని డిలీట్ చేయకండి.